తంబోలాకు రానని చెప్పే హక్కు

విజయనగరం పట్టణం అంచున ఒక అసిస్టెడ్ లివింగ్ నివాసం ఉందనుకుందాం. స్నానానికీ మందులకూ నడకకూ మరొకరి చేయూత అవసరమైన పెద్దవారు అక్కడ ఉంటారు. హాలు గోడమీద ఒక పట్టిక వేలాడుతూ ఉంటుంది: ఉదయం ఏడింటికి కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామం, పదకొండింటికి భజన, సాయంత్రం ఐదింటికి తంబోలా (పిలిచిన అంకెను టికెట్టు మీద కొట్టేసే ఆట), నెలాఖరు ఆదివారం ఆ నెలలో పుట్టినవారందరికీ కలిపి ఒక కేకు. ‘ఇటువంటి కార్యక్రమాలను నిర్వాహకులే నిర్ణయించాలి, నివాసులందరూ పాల్గొనాలి’ అన్నది వాదానికి పెట్టిన ప్రతిపాదన. అనుకూలంగా మాట్లాడేది నిర్వాహకురాలు. వ్యతిరేకించేది అక్కడే ఉంటున్న, ఉద్యోగ విరమణ చేసిన లెక్కల మాస్టారు. ఇద్దరూ కల్పితులే.

నిర్వాహకురాలు: ‘ఇష్టమున్నవారు రండి’ అని వదిలేస్తే ఎవరు వస్తారో నాకు తెలుసు, మాస్టారూ. కాళ్లు ఆడేవారు, చెవులు వినిపించేవారు, నలుగురిలో చొరవగా మాట్లాడగలిగేవారు వస్తారు. ఎవరికి కార్యక్రమం ఎక్కువ అవసరమో వారు గదిలోనే ఉండిపోతారు. ఒకరికి చెవుడు, పక్కవారు నవ్వితే తనను చూసే నవ్వుతున్నారేమోనన్న అనుమానం. మరొకరికి మూత్రం ఆపుకోలేని ఇబ్బంది, అందరి మధ్య చీర తడిస్తే ఎలాగన్న భయం. ఇంకొకరికి భర్త పోయిన దుఃఖం. వీరెవరూ కారణం చెప్పరు. ‘ఈరోజు ఓపిక లేదమ్మా’ అంటారు. అరవై అయిదేళ్లు దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలనీ, పడిపోకుండా ఉండేందుకు వారంలో మూడు రోజులైనా ఒంటి నిలకడకూ కండబలానికీ సంబంధించిన వ్యాయామం చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మతిమరుపు వ్యాధిపై లాన్సెట్ వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక, మార్చుకోవడానికి వీలున్న 14 ముప్పు కారణాలను పేర్కొంటూ, వాటిలో వినికిడి లోపాన్నీ కదలకుండా ఉండటాన్నీ ఒంటరితనాన్నీ చేర్చింది. ఇంత తెలిసి కూడా నేను తలుపు తట్టకుండా ఊరుకోవాలా?

మాస్టారు: వ్యాయామం మీద నాకు పేచీ లేదమ్మా. చేదు మందు మింగమంటే మింగుతాం. తంబోలాను కూడా మందు సీసాలో పోసి తాగిస్తామంటేనే నా అభ్యంతరం. ముప్పై అయిదేళ్లు బడి నడిపిన ప్రధానోపాధ్యాయురాలి చేతికి బెలూన్ ఇచ్చి, పట్టుకోగానే చప్పట్లు కొడితే ఆమెకు ఎలా ఉంటుందో ఎవరైనా అడిగారా? పదకొండింటి భజనకు క్రైస్తవ నివాసిని కూడా చక్రాల కుర్చీలో తెచ్చి కూర్చోబెడుతున్నారు. ఆయన మర్యాదస్తుడు గనుక తాళం వేస్తున్నారు. కాలేజీ పిల్లలు వస్తారు, తలా రెండు అరటిపళ్లు ఇస్తారు, ఫోటో తీసుకుంటారు, వెళ్లిపోతారు. వచ్చినవారిలో ఒక్కరికైనా మాలో ఎవరైనా ఏదైనా నేర్పారా? మేము పుచ్చుకునేవారిగానే రోజంతా గడపవలసి వస్తోంది.

(మాస్టారి చివరి మాట దగ్గర ఆగవలసిందే. అరటిపళ్లు ఇచ్చే పిల్లల తప్పేమీ లేదు. ఏం చేయాలో వారికి ఎవరూ చెప్పలేదు.)

నిర్వాహకురాలు: భజన సంగతి ఒప్పుకుంటాను, అది సరిదిద్దవలసిందే. తంబోలాను మాత్రం మీరు తక్కువగా చూస్తున్నారు. అంకె పిలిచినప్పుడు ఎవరు పక్కవారి టికెట్టు చూసి కొట్టేస్తున్నారో గమనిస్తే, ఎవరి చెవులు మందగించాయో తెలుస్తుంది. నిన్నటివరకూ చకచకా గడులు కొట్టేసినావిడ ఈరోజు ఇరవై మూడుకీ ముప్పై రెండుకీ తేడా తెలియక తికమకపడితే, డాక్టరుగారికి చెప్పవలసిన సమయం వచ్చిందన్నమాట. పెన్సిలు పట్టుకున్న చేయి వణుకు, కళ్లద్దాలు మార్చవలసిన అవసరం, ఇవన్నీ ఆ అరగంటలోనే బయటపడతాయి. గదిలో పడుకున్నవారిలో ఇవి ఎవరికి కనిపిస్తాయి?

మాస్టారు: అయితే ఆ మాట మాకే చెప్పండి, ఆట పేరుతో పరీక్ష పెట్టడమెందుకు? అమెరికాలో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1976లో ఒక పరిశోధన ప్రకటించారు. ఒక వృద్ధుల సంరక్షణాలయంలో ఒక అంతస్తు వారికి, మీ రోజు మీ చేతుల్లోనే ఉందని చెప్పి, తలా ఒక మొక్కను ఎంచుకోనిచ్చి, దాని పోషణ వారికే వదిలారు. సినిమా ఏ రోజు చూడాలో కూడా వారినే తేల్చుకోమన్నారు. ఇంకో అంతస్తు వారికీ మొక్కలు ఇచ్చారు, సినిమా చూపారు, కానీ నీళ్లు పోసింది సిబ్బంది, రోజు నిర్ణయించింది సిబ్బంది. కొద్ది వారాల్లోనే మొదటి అంతస్తువారు ఎక్కువ హుషారుగా, ఎక్కువ కలుపుగోలుగా కనిపించారు. మొక్క రెండు చోట్లా ఉంది, చూడండి.

నిర్వాహకురాలు: రెండు అంతస్తులను పోల్చిన చిన్న పరిశోధన అది, అందులోనూ పరాయి దేశంలో జరిగింది. దాని మీద ఇంత బరువు పెట్టకండి. మొక్కలకు నీళ్లు పోస్తానంటే నాకు సంతోషమే. కానీ ఇక్కడ ఒక్కో ఆయా పదిమందిని చూసుకుంటోంది. పదిమందివి పది ఇష్టాలైతే, ఒకరిని తోటలోకి తీసుకువెళ్లినప్పుడు మరొకరు స్నానాల గదిలో జారిపడితే ఎవరు పట్టుకుంటారు? అందరినీ ఒకచోట కూర్చోబెట్టడం వెనక ఈ లెక్క ఉంది. మీరు లెక్కల మాస్టారు, మీకు నేను చెప్పాలా?

మాస్టారు: ఆ లెక్కకు జవాబు వంటగదిలో ఉంది. వేసవిలో కొత్త చింతపండు బస్తా వస్తుంది. గింజ తీసి, పీచు వలిచి, ఉప్పు వేసి జాడీకి ఎత్తే పని ఈ ఇంట్లో సగంమంది ఆడవాళ్లకు కళ్లు మూసుకున్నా వచ్చు. బల్లచుట్టూ కూర్చుంటే ఒక్క ఆయా చాలు. చేతులు ఆడుతుంటే మాటలు వాటంతట అవే వస్తాయి. ‘ఇప్పుడు మాట్లాడుకుందాం’ అని కుర్చీలు గుండ్రంగా వేసినప్పుడు మాత్రం రావు.

నిర్వాహకురాలు: హైదరాబాదు నుంచి కొడుకు వచ్చి, ‘నెలనెలా డబ్బు కడుతున్నది మా అమ్మచేత చింతపండు వలిపించుకోవడానికా?’ అని అడిగితే? ఆ కోపంలో న్యాయం లేకపోలేదు, మాస్టారూ. మొదట సరదాగా మొదలవుతుంది. వంటమనిషి సెలవు పెట్టిన రోజు అవసరమవుతుంది. ఆ తరువాత యాజమాన్యం వంటమనిషినే తగ్గిస్తుంది. పెద్దవారి శ్రమతో ఖర్చు మిగుల్చుకునే చోటు ఇది కాకూడదు.

(ఈ వాదంలో నాకు అన్నింటికంటే గట్టిగా తగిలిన అభ్యంతరం ఇదే, మాస్టారు కూడా కొంతసేపు జవాబివ్వలేదు.)

మాస్టారు: నిజమే. అందుకే ఒక హద్దు పెట్టుకుందాం: మేము చేయకపోయినా ఆగిపోని పనులే మాకివ్వండి. వంట ఆగకూడదు, ఊడ్పు ఆగకూడదు, అవి సిబ్బందివి. చింతపండు రెండు రోజులు ఆలస్యమైతే ఎవరూ పస్తుండరు. వాకిట్లో ముగ్గు, పూజకు మాల, గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాలకు చిట్టా, పేపరు చదవలేనివారికి చదివి వినిపించడం, ఇవన్నీ ఆ కోవలోవే. ఇంకొక సంగతి. ఈ ఊరిలో 1919లో మహారాజు సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ నేర్పారు. అటువంటి ఊరిలో మనం పెన్‌డ్రైవులో భజనలు వింటున్నాం! సంగీతం నేర్చుకునే పిల్లలను కచేరీకి కాదు, సాధనకు ఇక్కడికి రమ్మనండి. తప్పు పాడితే పట్టుకునే చెవులు మాలో రెండు మూడు జతలు ఇంకా ఉన్నాయి.

నిర్వాహకురాలు: అది చేయవచ్చు. కాకపోతే మధ్యాహ్నం నిద్ర వేళ కాదు, మైకు లేకుండా. వినికిడి యంత్రం పెట్టుకున్నవారికి మైకు చప్పుడు హోరుగా వినిపిస్తుంది. ఇక మీరు అడగబోయేది పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం. విజయదశమి తరువాతి మంగళవారం లక్షలమంది మధ్యకు చక్రాల కుర్చీలు తీసుకువెళ్లను. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

మాస్టారు: సిరిమాను రోజు అడగను. మామూలు రోజున, తెల్లవారి ఎండ ముదరకముందు, మూడు లాంతర్ల దగ్గర అమ్మవారి చదురుగుడికి నలుగురినైనా తీసుకువెళ్లండి. ఆ నలుగురు ఎవరో మేమే తేల్చుకుంటాం. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం, అదే 2007 నాటిది, జిల్లాకొక వృద్ధాశ్రమమైనా ప్రభుత్వం పెట్టవచ్చంటూ, అక్కడ వైద్యంతో పాటు వినోద సాధనాల గురించి కూడా చెప్పింది. కానీ వాటిని ఎవరు ఎంచుకోవాలో చెప్పలేదు. అమెరికా నర్సింగ్ హోముల కేంద్ర నిబంధనలు మాత్రం కార్యక్రమాలు ప్రతి నివాసి ఇష్టాన్నిబట్టి ఉండాలనీ, నివాసులు తమలో తాము సంఘంగా ఏర్పడవచ్చనీ అంటాయి. మనకూ ఒక నివాసుల కమిటీ కావాలి. పేకాట మీద నిషేధం ఎత్తివేయడం దాని మొదటి తీర్మానం. పందెం డబ్బు కాదు; చింతపిక్కలు.

నిర్వాహకురాలు: కమిటీ పెట్టండి. పేక కూడా ఆడుకోండి, హాల్లోనే. అయితే రెండు షరతులు. మతిమరుపు ముదిరినవారు మీ కమిటీలో చేయెత్తలేరు. వారి తరఫున ఇంటివారో, వారిని రోజూ చూసే ఆయానో కూర్చోవాలి. రెండవది, ఏడింటి వ్యాయామం అందరికీ ఉంటుంది, డాక్టరు వద్దన్నవారికి తప్ప. తంబోలాకు రానంటే బలవంతం చేయను. కానీ ఒకరు వారం రోజులపాటు దేనికీ రాకపోతే దాన్ని ఇష్టం కింద లెక్క కట్టను; జబ్బు కింద కడతాను, తలుపు తడతాను.

మాస్టారు: వారం అయిందని ఎవరు లెక్కపెడతారు? ఆయాకు పదిమంది ఉన్నారని మీరే అన్నారు. హాజరు పట్టీ నాకివ్వండి. ఆ పని నాకు అలవాటే.

నిర్వాహకురాలు: ఇస్తాను. ఎవరు రాలేదో రాసి నాకు చూపించండి, అంతవరకే. గది తలుపు మాత్రం మీరు తట్టకూడదు.

మాస్టారు: ఎందుకు?

నిర్వాహకురాలు: వారు రాకపోవడానికి పేకాటలో మీ అరుపులే కారణం కావచ్చు.