చెక్‌పోస్టు దగ్గర పాస్‌పోర్టు: ఒక వాదోపవాదం

కరోనా రోజుల్లో మన దేశం లోపలే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవడానికి విదేశీయుల్ని అడిగిన టెస్టులు, పాసులు, సర్టిఫికెట్లు సబబేనా, లేక అతి అయ్యాయా? దీనిమీద తిరుపతిలో ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టాం. ఒకరు హెల్త్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన సారు. ఇంకొకరు బస్టాండు దగ్గర ట్రావెల్స్ నడిపే అక్క. పేర్లతో పనిలేదు. మధ్యలో బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు.

అక్క: ముందు నేనే మొదలుపెడతా సార్. అరుణాచలంలో రమణాశ్రమం చుట్టుపక్కల ఎప్పుడు చూసినా విదేశీయులు ఉంటారు కదా. 2020 మార్చి 23న అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి, 25న లాక్‌డౌన్ పడింది, వాళ్లు ఇంటికీ పోలేక, ఇక్కడా కదల్లేక ఇరుక్కుపోయారు. వాళ్లలో ఒకామె తిరుపతికి రావాలని నాకు ఫోన్ చేసింది. వేలూరు, చిత్తూరు మీదుగా పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇక్కడుండొచ్చు. కానీ అటు తమిళనాడు ఈ-పాస్, ఇటు మన స్పందన సైట్లో పాస్, మధ్యలో నరహరిపేట చెక్‌పోస్టు. ఏది కావాలన్నా ఫోన్‌కి ఓటీపీ రావాల. విదేశీయుల సిమ్ వీసా గడువుతో ముడిపడి ఉంటుంది, వీసా తేదీ అయిపోతే సిమ్ కూడా మూగబోతుంది. ఇంక ఆమె ఏం చెయ్యాల?

సారు: ఉన్నచోటే ఉండాల. అందరం ఉండలా? అప్పుడు ఊరు ఎట్లుండిందో మర్చిపోయావా తల్లీ? శ్రీకాళహస్తి ఏప్రిల్‌లోనే రెడ్‌జోను. తిరుచానూరులో పద్మావతి నిలయం క్వారంటైన్‌కి ఇచ్చేశారు, శ్రీనివాసం, విష్ణునివాసం కోవిడ్ కేర్ సెంటర్లయ్యాయి. భక్తులు పడుకోవాల్సిన గదుల్లో రోగులు! మార్చిలో ఆగిన దర్శనం బయటి భక్తులకు జూన్ 11న గానీ మొదలు కాలేదు. మామూలు రోజుల్లో డెబ్బై వేల మంది వచ్చిపోయే ఊరిది. ఒక్కరు ఇక్కడికి జబ్బు పట్టుకొస్తే అది వారం తిరక్కముందే పది రాష్ట్రాలకు పోతుంది. మన రాష్ట్రంలో మొదటి కేసు ఎవరిది? ఇటలీ నుంచి నెల్లూరు వచ్చిన కుర్రాడిది.

అక్క: ఆ కుర్రాడు మనోడే కదా సార్, మన పాస్‌పోర్టే! ఎవరు ఎక్కడి నుంచి ఎప్పుడు వచ్చారన్నది చూడాల గానీ ఏ దేశం వాళ్లన్నది కాదు. లాక్‌డౌన్‌కి నెలల ముందు నుంచీ అరుణాచలం దాటని ఆమెకీ, ఆ వీధిలోనే ఇడ్లీలు అమ్మే ఆవిడకీ రిస్కు ఒకటే. విదేశీయులు లాడ్జీకి పోతే మొహం చూసి గది లేదనడం ఏ హెల్త్ రూలు?

సారు: అది హెల్త్ రూలు కాదు, అప్పటి ఫారం-సి రూలు. విదేశీయులు దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్లో వివరాలు పంపాల. చిన్న లాడ్జీల్లో చాలామందికి ఆ లాగిన్ ఉండదు. వాళ్లు కరోనాకు ముందు మాత్రం గది ఇచ్చేవాళ్లా ఏంది?

అక్క: ముందు "మాకు పర్మిషన్ లేదమ్మా" అనేవాళ్లు. కరోనా వచ్చాక ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని "పో పో" అన్నారు. రెండూ ఒకటేనా?

(ఒకటి కాదు. సారు కూడా దీనికి జవాబు చెప్పకుండా టీ అడిగారు. ఈ పాయింటు అక్కదే.)

సారు: సరే, లాడ్జీలోళ్ల సంగతి వదిలెయ్. రాష్ట్రాల సంగతి చెప్తా విను. ప్రజారోగ్యం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది. 1897 నాటి అంటువ్యాధుల చట్టం కూడా రాష్ట్రాలకు అధికారం ఇచ్చింది. ఎక్కడ కేసులు పెరిగితే అక్కడ బిగించాల, తగ్గితే వదలాల. ఢిల్లీలో కూర్చుని ఒకే రూలు రాస్తే చిత్తూరుకు కుదిరేది ముంబైకి కుదరదు.

అక్క: బిగించడం అంటే ఎంతదాకా సార్? ఆ ఏప్రిల్‌లో వేలూరు జిల్లా వాళ్లు పలమనేరు–గుడియాత్తం దారిలోనూ, పొన్నై దారిలోనూ రోడ్డుకు అడ్డంగా ఇటుకలతో గోడలే కట్టేశారు. గోలయ్యాక పడగొట్టారనుకోండి. సీఎంసీ ఆస్పత్రికి పోయే మన చిత్తూరోళ్లకే దారి లేకపోతే ఇంక విదేశీ మనిషి గోడు ఎవరికి పట్టింది? ఆగస్టులో కేంద్రం రాష్ట్రాల మధ్య తిరగడానికి పాసులు అక్కర్లేదంది, అయినా కొందరు వినలేదని 22వ తేదీన హోం సెక్రటరీ మళ్లీ లెటర్ రాయాల్సి వచ్చింది. ఆ లెటర్ ఫోన్లో చూపిస్తే చెక్‌పోస్టులో "మాకు రాలేదు" అంటే డ్రైవరు ఎవరితో కొట్లాడతాడు? ఆమె ఆ ఏడాది రావడమే మానుకుంది.

సారు: మానుకోవడమే మంచిదైంది. మర్సటేడు ఏం జరిగింది? 2021 మే 10 రాత్రి మన రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి పదకొండు మంది పోయారు, అదీ అధికారిక లెక్కే. ఆ వారం ఊళ్లో బెడ్డు కోసం తిరిగినోళ్లను అడుగు. బయటినుంచి ఇంకొక్క మనిషి రావడం కూడా ఊరికి బరువే అప్పుడు. వాళ్లకు జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, ఏ భాషలో మాట్లాడతారు, ఎంబసీకి ఎవరు ఫోన్ చేస్తారు? రూలు రాసేవాడు ఇదంతా ఆలోచించాల తల్లీ.

అక్క: ఆ మే నెలలో రమ్మని నేను ఎవరికీ చెప్పలేదు సార్, అప్పుడు మీరన్నదే కరెక్టు. నేనడిగేది తర్వాత సంగతి. సెప్టెంబరులో టీటీడీ ఒక రూలు పెట్టింది కదా, అలిపిరి దగ్గర చూసేవాళ్లు.

సారు: అవును. రెండు డోసుల సర్టిఫికెట్, లేదంటే దర్శనానికి మూడు రోజుల లోపు చేయించిన టెస్టులో నెగెటివ్. మనోళ్లు, బయటోళ్లు అని తేడా లేదే? ఇంతకంటే న్యాయం ఏముంది?

అక్క: ఇక్కడే ఉంది సార్ అసలు తిరకాసు. పద్దెనిమిదేళ్లు దాటిన మనవాళ్లకి టీకా మే 1 నుంచి. ఇక్కడే ఉంటున్న విదేశీయులు పాస్‌పోర్టుతో కోవిన్‌లో పేరు రాయించుకోవచ్చని కేంద్రం చెప్పింది ఆగస్టు 9న. ఆ రోజే కోవిషీల్డ్ వేసుకున్నా రెండో డోసుకు అప్పట్లో 12 నుంచి 16 వారాలు ఆగాల. అంటే నవంబరు. సెప్టెంబరులో రెండు డోసులు చూపించమంటే ఆమె ఎక్కణ్ణించి తెస్తుంది?

సారు: కోవాగ్జిన్ వేసుకోవచ్చు కదా, నాలుగు వారాలకే రెండోది.

అక్క: దానికి డబ్ల్యూహెచ్‌ఓ ఆమోదం వచ్చింది నవంబరు 3న. అంతవరకు అది వేసుకుని ఇంటికి పోతే వాళ్ల దేశంలో టీకా వేసుకోనట్టే లెక్క కట్టొచ్చు. ఎవరు వేసుకుంటారు?

(సారుకి ఈ తేదీలన్నీ తెలుసు. వాటిని ఇలా పక్కపక్కన పెట్టి చూడలేదేమో అనిపించింది. నేనూ అంతే.)

సారు: టెస్టు దారి ఉండనే ఉందిగా. టెస్టుకు నింపే ఐసీఎంఆర్ ఫారంలో విదేశీయుల పాస్‌పోర్టు నంబరు రాయడానికి గడి కూడా పెట్టారు. ఎవరూ వాళ్లను మర్చిపోలేదు.

అక్క: గడి ఉంది సార్, కాదనను. రాసేవాడు ఇంటిపేరు ముందా, అసలు పేరు ముందా అని తికమకపడి ఏదో ఒకటి కొట్టేస్తాడు, పాస్‌పోర్టులో ఒకలా, రిపోర్టులో ఒకలా. ఇంక గంటల లెక్క చూడండి. 72 గంటలు మొదలయ్యేది శాంపిల్ ఇచ్చినప్పుడా, రిపోర్టు వచ్చినప్పుడా? ఒకచోట అదంటారు, ఇంకోచోట ఇదంటారు. సోమవారం పొద్దున శాంపిల్ ఇస్తే రిపోర్టు మంగళవారం రాత్రికి, బుధవారం ప్రయాణం, దర్శనం టికెట్టు గురువారం మధ్యాహ్నానికి. శాంపిల్ నుంచి లెక్కపెడితే పొద్దునకే అయిపాయ! మళ్లీ టెస్టు, మళ్లీ డబ్బు, టికెట్టు పోయినట్టే. ఇంకోటి, కరోనా వచ్చి తగ్గినోళ్లకి కూడా ఆర్‌టీపీసీఆర్‌లో వారాల తరబడి పాజిటివ్ వస్తుంది. వాళ్లు ఏ కాగితం చూపించాల?

సారు: మనోళ్లకీ అదే తిప్పలు.

అక్క: మనోడైతే ఇంటికెళ్లి పడుకుంటాడు. ఆమెకి ఆ రాత్రి గది ఇచ్చేవాళ్లు లేరు. అంతెందుకు, ఇక్కడ చిక్కుకున్న విదేశీయుల వీసాలు ఆగస్టు 31 దాకా చెల్లుతాయి, దరఖాస్తు కూడా అక్కర్లేదని కేంద్రం జూన్‌లో చెప్పింది. మంచి పనే. కానీ పాస్‌పోర్టులో కొత్త ముద్ర ఉండదు కదా! లాడ్జి కౌంటర్లో కుర్రాడు తేదీ చూసి "మీ వీసా అయిపోయింది" అంటాడు, వాడి తప్పు కూడా కాదు.

సారు: చూడమ్మా, విదేశీయుల్ని ఆరోగ్యం కాగితం అడగడం కరోనాతో మొదలు కాలేదు. ఆఫ్రికాలోనో దక్షిణ అమెరికాలోనో ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి వస్తే టీకా పుస్తకం చూపించాల. లేకుంటే ఆరు రోజులు క్వారంటైన్‌లో పెడతారు. ఎవరూ ఏడవడం లేదే?

అక్క: ఎందుకు ఏడుస్తారు సార్? ఆ పసుపు పుస్తకం ప్రపంచమంతా ఒకటే. పదేళ్లకోసారి వేయించుకోవాలన్న రూలు కూడా 2016లో తీసేశారు, ఒక్క టీకా జీవితాంతం చెల్లుతుంది. ఎయిర్‌పోర్టులో ఒకసారి చూస్తారు, అంతే, మళ్లీ నరహరిపేటలో అడగరు, అలిపిరిలో అడగరు. నేను అడిగేదీ అదే కదా! మీరే నా వాదన చెప్పారు.

సారు: ఆ పుస్తకం మీద దేశాలన్నీ ఒప్పుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందనుకున్నావ్? కొత్త జబ్బు వచ్చిన నాలుగు నెలల్లో అట్లాంటిది ఎవరు చేస్తారు?

అక్క: నాలుగు నెలలకు వద్దు సార్, ఏడాదిన్నరకైనా? దేశాల మధ్య కూడా కాదు, చిత్తూరుకీ వేలూరుకీ మధ్య.

సారు: (కాసేపాగి) జిల్లాలో విదేశీయుల రిజిస్ట్రేషన్ ఎస్పీ ఆఫీసు చూస్తుంది, టెస్టులూ టీకాలూ జిల్లా వైద్యాధికారి డీఎంహెచ్‌ఓ చూస్తారు. ఇద్దరూ కలిసి పాస్‌పోర్టు నంబరు వేసి ఒక కాగితం ఇచ్చుంటే సరిపోయేది, అంతవరకు ఒప్పుకుంటా. కానీ ఆ కాగితం పట్టుకుని పలమనేరు దాటి నంగిలి దగ్గరికి పోతే కర్ణాటక వాళ్లు వదిలేవాళ్లా? అది చెప్పు ముందు.

అక్క: వదిలేవాళ్లు కాదేమో. కానీ వాదించడానికి చేతిలో సీలు ఉన్న కాగితం ఒకటి ఉండేది కదా సార్! మా కస్టమర్ చేతిలో నేను పంపిన వాట్సాప్ ఫార్వర్డు తప్ప ఏమీ లేదు, అదీ తెలుగులో.