మొలతాడుకు తగిన పిస్తోలు

పులస ఎంత పెట్టి కొన్నాడో, చెరువు మీద ఎంత అప్పు తెచ్చాడో, పిల్లవాడికి ఎన్ని సబ్జెక్టులు పోయాయో పక్కింటివారికి తెలియకుండా దాచగలిగిన మనిషి గోదావరి డెల్టాలో ఇంతవరకు పుట్టలేదు. అటువంటి గడ్డ మీద నివసిస్తూ మా బావగారు ఈ వేసవిలో ఒక పిస్తోలును, అదీ ఎవరి కంటా పడకుండా, ఒంటి మీద దాచుకొని తిరగాలని సంకల్పించారు. భీమవరం పక్కన రెండు రొయ్యల చెరువులు, పట్టుబడి నాడు చేతికొచ్చే నగదు, రాత్రిళ్లు గట్టు మీద ఒంటరి కాపలా, ఇవీ ఆయన చూపే కారణాలు. అసలు కారణం ఫోనులో చూసిన అమెరికా వీడియోలేనని మా అక్కయ్య అభిప్రాయం. కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి. శిబిరంలో రైఫిలుతో ఐదు గుండ్లు పేల్చి, అందులో మూడింటిని పక్కవాడి అట్టకు తగిలించిన అనుభవం మా బంధువర్గంలో నాకొక్కడికే ఉన్నందువల్ల, ఎంపిక భారం నా నెత్తిన పడింది. నేను కూడా ఆ పనిని పెళ్లి సంబంధం వెతికినంత నిష్ఠగానే చేపట్టాను.

పిస్తోలు చిన్నదై ఉండాలి, పేలిస్తే చేతికి హాయిగా ఉండాలి, బయటికి కనబడకూడదు అని బావగారి షరతులు. అమెరికాలో ఇలా అడిగినవాడి ముందు దుకాణదారు 9 మి.మీ. పిస్తోళ్లను గాజుల బేరంలా పరిచి చూపిస్తాడు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద ఆ 9 మి.మీ. నిషిద్ధ బోరు, అంటే ఆ కొలత గొట్టం ఉన్న ఆయుధం మామూలు పౌరుడికి కూడదు. లైసెన్సు తెచ్చుకున్న మామూలు గృహస్థుకు చేతి ఆయుధాల్లో ఎక్కువగా దొరికేవి పాయింట్ 32, పాయింట్ 22 అంగుళాల గొట్టాలవి మాత్రమే. ఆ విధంగా మా ఎంపికలో సగం మేము మొదలుపెట్టక ముందే ఢిల్లీలో పూర్తయింది. పెళ్లిచూపులకు వెళ్లేసరికే తాంబూలాలు మార్చేసుకున్నట్టు.

మిగిలిన సగం కోసం కాన్పూరు వైపు చూశాము. అక్కడి ఆయుధ కర్మాగారం 2014లో మహిళల కోసమని ‘నిర్భీక్’ అనే పాయింట్ 32 రివాల్వరును విడుదల చేసింది. బరువు అరకిలో, ధర అప్పట్లోనే 1,22,000 రూపాయల పైచిలుకు. దాన్ని మెరూన్ రంగు నగల పెట్టెలో పెట్టి ఇచ్చేవారని చదివి వినిపించినప్పుడు, అప్పటిదాకా చింతపండు పిక్కలు తీస్తూ కూర్చున్న అక్కయ్య మొదటిసారి తలెత్తి, పెట్టె ఎంత పొడుగుంటుందని అడిగింది. ఆ తరవాత వచ్చిన ‘నిడర్’ పాయింట్ 22ది, పావుకిలో మాత్రమే. పావుకిలో అనగానే బావగారి ముఖం బెండకాయల బేరంలో మోసపోయినవాడిలా మారిపోయింది. 2023లో వచ్చిన ‘ప్రబల్’ పేరు చెప్పగా ఆయన దాన్ని ‘ప్రభ’గా విన్నారు. కనుమనాడు జగ్గన్నతోటకు పచ్చటి చేలు తొక్కుకుంటూ, కౌశిక నది దాటుకుంటూ, ఊరి జనమంతా భుజాన మోసుకువెళ్లే ప్రభ, అంటే రంగురంగుల గుడ్డలు చుట్టిన ఎత్తైన వెదురు చట్రం, కోనసీమలో దాచడానికి అత్యంత అనువు కాని వస్తువు కనుక, ఆ రివాల్వరు తప్పేమీ లేకుండానే జాబితాలోంచి తొలగిపోయింది.

చిన్న పిస్తోలు చేతికి మెత్తగా ఉంటుందనుకోవడం, మిరపకాయ చిన్నది కనుక కారం తక్కువుంటుందనుకోవడం వంటిదే. తూటా ఒకటే అయినప్పుడు బరువైన తుపాకి వెనక్కి తన్నే తన్నులో చాలా భాగాన్ని తన బరువుతోనే అణచుకుంటుంది. తేలికైన తుపాకి తన్నును దాచుకోదు, మొత్తం తెచ్చి యజమాని మణికట్టులో పోస్తుంది. పిడి పొట్టిదైతే మూడు వేళ్లకే చోటు దొరికి, చిటికెన వేలు పంక్తిలో విస్తరి దొరకని చుట్టంలా బయట వేలాడుతుంది. అన్నిటికంటే వింత స్లైడు, అంటే పిస్తోలు పైన ముందుకూ వెనక్కీ జరిగే ఇనుప తొడుగు, సంగతి. పాయింట్ 32 వంటి చిన్న పిస్తోళ్లలో చాలావాటికి గొట్టం కదలదు కనుక, తూటా పేలినప్పుడు స్లైడు తొందరపడి వెనక్కి పోకుండా పట్టి ఉంచే పని దాని బరువు మీదా, గట్టి స్ప్రింగు మీదా పడుతుంది. అందువల్ల వస్తువు ఎంత చిన్నదో, తూటా ఎక్కించడానికి స్లైడును వెనక్కి లాగడం అంత కష్టం. మా బావగారు నిరుడు ఆవకాయ సీసా మూత తీయలేక చెరువు మీది కుర్రాడిని పిలిపించిన సంగతి ఇక్కడ ప్రస్తావించక తప్పదు. రివాల్వరుకు ఆ లాగుడు లేదు గాని, ట్రిగ్గరే బరువుగా, దూరంగా సాగుతుంది. గొట్టం పొట్టిదైన కొద్దీ గురి చూసే రెండు గుర్తుల మధ్య దూరం తగ్గి, చేతిలో పిసరంత వణుకు పదిహేను గజాల అవతల జానెడు తేడా అవుతుంది. సాధన చేస్తే ఇదంతా సర్దుకుంటుందంటారు. కాని చుట్టూ కొబ్బరితోటలు, వాటిలో దింపు తీసేవారు, కింద మేకలు ఉన్న చోట సాధన ఎక్కడ చేస్తారో వీడియోలో చెప్పలేదు.

కాబట్టి పేల్చే సుఖం సంగతి పక్కన పెట్టి, మోసే సుఖమైనా ముందు తేల్చుకోవాలని ఒక పరీక్ష ఏర్పాటు చేశాను. బియ్యం కొట్టులోంచి అరకిలో తూకపు రాయి తెచ్చి, గుడ్డలో చుట్టి, బావగారి మొలతాడుకు కట్టి, పైన లుంగీ, ఆ పైన తెల్ల చొక్కా వేయించాను. మన మగవాళ్లు చుట్టలు, అగ్గిపెట్టె, నోట్లకట్ట తరతరాలుగా మొలలోనే దోపుకుంటున్నారు కాబట్టి ఇదీ ఇముడుతుందని మా ఊహ. అలాగే ఆయన నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు ఒక పెళ్లికి బయలుదేరారు. పంటు సగం గోదావరి దాటేలోగా చెమటకు చొక్కా ఒంటికి అంటుకుపోయి, కుడి పక్కన ఉబ్బు స్పష్టంగా తేలింది. ఎదురుగా అరటిగెలల మధ్య నిలబడ్డ పెద్దమనిషి చాలాసేపు పరిశీలించి, గొంతు తగ్గించి, “ఏవండీ, వరిబీజానికి అశ్రద్ధ చేయకూడదండి, మా తోడల్లుడికీ ఇలాగే ఉండేదండి, ఒక్క రోజులో కోసి పంపేశారండి” అని ఓదార్చాడు. రేవు దిగేలోపు ముగ్గురు వైద్యుల పేర్లు, ఒక పసరు మందు బావగారికి లభించాయి. ఆయుధం ఉన్నట్టు ఎవరూ అనుమానించలేదు కనుక, పరీక్ష శాస్త్రీయంగా విజయవంతమైనట్టే నేను నమోదు చేసుకున్నాను.

అయితే 2016 నాటి ఆయుధాల నియమాలు మొలతాడును గుర్తించవు. పిస్తోలును ఒంటికి తగిలించుకునే ఒరలో, పూర్తిగా కప్పి తీసుకెళ్లాలని వాటి ఆదేశం. ఆదేశం సబబైనదే. ట్రిగ్గరును కప్పి ఉంచే గట్టి ఒర లేకుండా లుంగీ ముడిలో దోపిన పిస్తోలు గొట్టం ఏ దిక్కుకు చూస్తూ ఉంటుందో మర్యాదస్థుల మధ్య రాయదగిన విషయం కాదు. ఒరకు బెల్టు కావాలి, బెల్టుకు ప్యాంటు కావాలి, మే నెలలో చెరువు గట్టు మీద ప్యాంటు తొడిగిన రైతు ఎవరికి కనిపించినా ఎరువుల కంపెనీ ఏజెంటో, అప్పు వసూలుకు వచ్చినవాడో అనుకుంటారు.

ఇక లైసెన్సు. కలెక్టరుకు పెట్టే దరఖాస్తులో ప్రాణభయం ఎవరి నుంచో చెప్పాలి. బావగారు ఒక సాయంత్రమంతా ఆలోచించి, సరిహద్దు గట్టు మీది కొబ్బరిచెట్టు తనదనే పినతండ్రి కొడుకు పేరు రాసి, ఆ పినతండ్రి కొడుకే రోజూ టీ పట్టుకొస్తాడన్నది గుర్తొచ్చి కొట్టేశారు. తరవాత విచారణకు వచ్చే పోలీసు నేరుగా ఇంటికి రాడు. వంతెన దగ్గర టీకొట్టులో ఆగుతాడు. అక్కడ ఒక్క ప్రశ్న వేస్తే చాలు. “ఆయ్, చాలా మంచోరండి. అయినా ఎవర్ని కాలుస్తారంటండి?” అన్న ఎదురు ప్రశ్న పుట్టి, చీకటి పడేసరికి కాలువకు రెండు గట్లా చేరుతుంది. దరఖాస్తు గుట్టుగా పెట్టే వీలే లేనప్పుడు, పిస్తోలును గుట్టుగా మోయడం దేనికో నాకు బోధపడలేదు. పైగా ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని స్టేషనులో అప్పజెప్పమంటారు, ఆ వరుసలో ఎవరు నిలబడ్డారో చూడటానికే కొందరు వెళతారు.

ఈలోగా కబురు నిజంగానే వ్యాపించింది. మేనకోడలి పెళ్లికి తారాజువ్వల ఖర్చు తగ్గించుకోవచ్చునని, బావగారు పిస్తోలు రెండుసార్లు పేలిస్తే చాలునని వియ్యాలవారు కబురంపారు. వేడుకల్లో కాల్పులు జరిపితే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలో, లక్ష వరకు జరిమానానో, లేదా రెండూనో పడతాయని నేను వివరించాను. లక్షంటే ఎక్కువే గాని తారాజువ్వలూ చవక కాదు కదా అని వారు బదులు పంపారు.

దరఖాస్తు కాగితాలు ప్రస్తుతం దేవుడి గూట్లో, పంచాంగం కింద ఉన్నాయి. మొన్న ఆదివారం అక్కయ్య నన్ను వంటింట్లోకి పిలిచి, బావగారికి వినబడకుండా, “ఒరే తమ్ముడూ, ఆ మెరూన్ పెట్టె ఒక్కటీ విడిగా అమ్ముతారేమో కాన్పూరు వాళ్లకు రాసి కనుక్కోరా, నా కాసులపేరుకు సరిపోయేలా ఉంది” అంది. నేను ఉత్తరం రాశాను. వీధి చివర మంగలి షాపతను నిన్న నన్ను ఆపి, పెట్టె వచ్చిందా అని అడిగాడు.