ఆదాయం 6, వ్యయం 17

మెల్‌బోర్న్‌లో స్థిరపడిన తెలుగువాడు ఎసెండన్ క్లబ్బు అభిమాని కూడా అయితే, అతడికి ఏటా ఉగాది రోజుల్లో రెండు పంచాంగ శ్రవణాలు తప్పవు. మొదటిది గుడిలో సిద్ధాంతిగారు వినిపించేది, రెండవది ఏఎఫ్ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) సీజన్ మొదలవుతున్నదనగా క్లబ్బు వినిపించేది. సిద్ధాంతిగారు నిర్మొహమాటస్థులు కనుక నా రాశికి ఆదాయం 5, వ్యయం 14 అని ముఖం మీదే చెప్పి, అవమానం ఎంతో కూడా దాచకుండా ప్రసాదం చేతిలో పెట్టి పంపిస్తారు. క్లబ్బు పంచాంగంలో మాత్రం వ్యయం అనే గడి ఉండదు. కుర్రవాళ్లు కండ పట్టారనీ, గాయపడినవారు పరుగు మొదలుపెట్టారనీ, ముందు వరుస ఈసారి కుదురుకున్నదనీ అందులో రాసి ఉంటుంది. 2025 సంవత్సరానికి ఆ లెక్క చివరకు ఇలా తేలింది: ఆదాయం 6 విజయాలు, వ్యయం 17 ఓటములు, 18 జట్ల పట్టికలో 15వ స్థానం. రాజపూజ్యం సంగతి నేను చెప్పలేను గాని, అవమానం మాత్రం 13 అని ఖాయంగా చెప్పగలను, ఎందుకంటే చివరి 13 మ్యాచ్‌లను మావాళ్లు ఒక్కటీ వదలకుండా వరుసగా ఓడిపోయారు.

ఈ ఆట తెలియని బంధువుల కోసం ఒక్క మాట. కోడిగుడ్డు ఆకారంలో ఉండే మైదానంలో, అదే ఆకారంలో ఉండే బంతితో, పక్షానికి 18 మంది చొప్పున ఆడతారు. చివర నాలుగు స్తంభాలుంటాయి. నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే గోల్, అంటే 6 పాయింట్లు. గురి తప్పి పక్క సందులోంచి పోయినా దాన్ని బిహైండ్ అని ఆదరించి ఒక పాయింటు ఇస్తారు. తప్పు చేసినవాడికి కూడా ఎంతోకొంత ముట్టజెప్పే ఆట ప్రపంచంలో ఇంకొకటి ఉన్నదో లేదో నాకు తెలియదు గాని, ఆ ఒక్క పాయింటును మావాళ్లు సంక్షేమ పథకంలాగా ఏటా పూర్తిగా వినియోగించుకుంటున్నారు.

నేను 2006లో టుల్లమరీన్ విమానాశ్రయంలో దిగాను. మొదటి అద్దె ఇల్లు ఎసెండన్‌లో దొరికింది. నిజానికి నా ప్రమేయం ఇందులో అంతే. పక్కింటి పెద్దాయన ఒక శనివారం నా మెడలో ఎరుపు నలుపు చారల కండువా వేసి, ఇక నువ్వు మావాడివి అన్నాడు. నాకు సన్మానం చేస్తున్నాడనుకొని దణ్ణం పెట్టాను. తరువాత ఇల్లు మారింది, ఉద్యోగం మారింది, చివరికి పౌరసత్వం కూడా మారింది గాని ఆ కండువా మాత్రం మెడ దిగలేదు. సెప్టెంబరులో జరిగే నాకౌట్ పోటీలను ఇక్కడ ఫైనల్స్ అంటారు. ఎసెండన్ ఆ ఫైనల్స్‌లో చివరిసారి గెలిచినది 2004 సెప్టెంబరు 4న, మెల్‌బోర్న్ జట్టు మీద, 5 పాయింట్ల తేడాతో. నేను దిగడానికి రెండేళ్ల ముందే ఆ ద్వారం మూసుకున్నదన్నమాట. ఇదంతా నా పాదమహిమ కాదని మా ఇంట్లోవాళ్ల ముందు నిరూపించుకోవడానికి ఆ రెండేళ్ల వ్యవధి ఒక్కటే నాకు ఆధారం.

ఆ ఏడాది తరువాత అవకాశాలు రాలేదని కాదు, ఆరుసార్లు వచ్చాయి. 2009లో అడిలైడ్ చేతిలో 96 పాయింట్ల తేడాతోనూ, 2011లో కార్ల్‌టన్ చేతిలో 62 తోనూ, 2014లో నార్త్ మెల్‌బోర్న్ చేతిలో 12 తోనూ, 2017లో సిడ్నీ చేతిలో 65 తోనూ, 2019లో వెస్ట్ కోస్ట్ చేతిలో 55 తోనూ, 2021లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ చేతిలో 49 తోనూ ఓడి, ప్రతిసారీ మొదటి వారమే ఇంటికి వచ్చారు. మొత్తం 339 పాయింట్లు. అంటే 56 గోల్స్, 3 బిహైండ్‌లు బాకీ. ఈ బాకీని ఒకేసారి తీర్చమని ఎవరూ అడగడం లేదు, వాయిదాల పద్ధతిలోనైనా మొదలుపెట్టండని మాత్రమే మా మనవి. 2025లో మా తరఫున తొలి మ్యాచ్ ఆడిన ఐజాక్ కాకో 2006లో పుట్టిన కుర్రవాడు. క్లబ్బు ఆఖరి ఫైనల్స్ గెలుపు అతడికి తాతల నాటి నేతుల కథ.

ఆ నేతులు నిజంగానే తాగాం, అందులో సందేహం లేదు. లీగ్‌లో అత్యధికంగా 16 ప్రీమియర్‌షిప్‌లు, అంటే లీగ్ టైటిళ్లు, గెలిచిన మూడు క్లబ్బుల్లో మాది ఒకటి. కెవిన్ షీడీ 1981 నుంచి 2007 వరకు 27 సీజన్లు కోచ్‌గా ఉండి నాలుగు తెచ్చిపెట్టాడు. 2000లో అయితే ఏడాది మొత్తం మీద ఒకే ఒక్క మ్యాచ్ ఓడి, గ్రాండ్ ఫైనల్‌ను 60 పాయింట్ల తేడాతో గెలిచారు. ఆ ఒక్కటీ ఓడించినది వెస్టర్న్ బుల్‌డాగ్స్. ఈ పేరు రెండోసారి వచ్చిందని పాఠకులు గమనించే ఉంటారు, దానితో నాకు చివర్లో పని ఉన్నది.

ఇక అసలు విషయమైన ఎంపికకు వస్తాను. రాబోయే మ్యాచ్‌కు జట్టును సాధారణంగా గురువారం సాయంత్రం ప్రకటిస్తారు. ఆ వేళకు నేను వంటగదిలో చారుకు తాళింపు పెడుతూ ఉంటాను, ఎందుకంటే గురువారం వంట నా వంతు. ఎడమ చేతిలో ఫోను, కుడి చేతిలో గరిటె. ఆవాలు చిటపటలాడే లోపల జాబితా తెర మీదికి వస్తుంది. లోపలికి ముగ్గురు, బయటికి ముగ్గురు. బయటికి వెళ్లినవారి పేర్ల పక్కన కారణాలుంటాయి. నా ఇరవై ఏళ్ల అధ్యయనంలో ఈ కారణాల భాష మన రెవెన్యూ శాఖ భాషకంటే సున్నితమైనదని తేలింది. హామ్‌స్ట్రింగ్ అంటే హామ్‌స్ట్రింగే. ఒమిటెడ్ అంటే ఆడలేదు కనుక తీసేశారు. వీటిలో దాపరికం లేదు. మేనేజ్డ్ అనే మూడో మాట ఒకటున్నది, దాని ముందు నేను చేతులు జోడిస్తాను. ఆటగాడికి దెబ్బ తగలలేదు, జబ్బు చెయ్యలేదు, ఆట పోయిందని కూడా ఎవరూ అనడం లేదు. అతడిని పదిలపరుస్తున్నారు, అంతే. ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి అటక మీద పెట్టినట్టు పెడతారు. ఎప్పటికోసం అని అడగకూడదు. ఈ భావార్థాలన్నీ నేను మనసులో విడదీసుకునేసరికి ఇంగువ మాడి, చారు కూడా ఆ పూటకు మేనేజ్డ్ అవుతుంది.

జాబితాలోని ఒకే ఒక్క సూత్రం నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. ఇరవై దాటని కుర్రవాడు రెండు మ్యాచ్‌ల్లో బంతి సరిగా అందుకోకపోతే, ఆత్మవిశ్వాసం పెంచుకోమని వీఎఫ్ఎల్ రిజర్వు జట్టుకు పంపుతారు. అనుభవజ్ఞుడు నాలుగు మ్యాచ్‌ల్లో అందుకోకపోతే, ఆత్మవిశ్వాసం దెబ్బతినకూడదని జట్టులోనే ఉంచుతారు. ఆత్మవిశ్వాసం వయసును బట్టి రెండు వేర్వేరు చోట్ల పెరుగుతుందన్న ఈ సిద్ధాంతం మీద ఎవరైనా పరిశోధన చేయవచ్చు. స్థానాల విషయంలోనూ మాకొక విశాల దృక్పథం ఉన్నది. ఆండ్రూ మెక్‌గ్రాత్‌ను 2016 డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రవాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, దేశంలోనే మొదటి ఆటగాడిగా తీసుకున్నాం. వెనుక వరుసలో ఆడించాం, మిడ్‌ఫీల్డ్‌కు తెచ్చాం, మళ్లీ వెనక్కి పంపాం. అల్లుడు బంగారంలాంటివాడే, కాకపోతే ఏ గదిలో పడుకోబెట్టాలో పెళ్లివారింటికి తేలలేదు.

ఎంపిక సంఘాన్ని అన్నింటికీ నిందించడం ధర్మం కాదని నేనూ ఒప్పుకుంటాను. 2025లో వారి ముందున్నది ఎంపిక కాదు, హాజరు పట్టిక. రక్‌మన్ అంటే ఆట ఆరంభంలో బంతి పైకి లేవగానే ఎగిరి దాన్ని తమవాళ్ల వైపు తట్టే పొడగరి. అలాంటివారిలో సామ్ డ్రేపర్‌కు మడమ నరం, నిక్ బ్రయన్‌కు మోకాలి నరం తెగాయి. ఇద్దరూ పోయాక 36 ఏళ్లు నిండిన టాడ్ గోల్డ్‌స్టీన్‌ను ముందుకు తోశారు. ఊళ్లో దొంగలు పడితే పడక కుర్చీలోని తాతగారికి కర్ర అందించినట్టు. తాతగారు పాపం కర్ర అందుకొని వెళ్లారు కూడా. ఆ సీజన్‌లో మా మొదటి మ్యాచ్ గోల్డ్ కోస్ట్‌తో జరగవలసి ఉండగా ఆల్ఫ్రెడ్ తుఫాను వచ్చి ఆగిపోయింది. నేను మచిలీపట్నంవాడిని, తుఫాను అనగానే అలవాటుగా నష్టాన్ని అంచనా కడతాను. ఇక్కడ మాత్రం తుఫాను వల్ల మేము ఒక ఓటమి నుంచి తప్పించుకున్నామని లోలోపల సంతోషించాను. ఆగిన ఆ మ్యాచ్‌ను సీజన్ చిట్టచివర, ఆగస్టు నెలాఖరులో, ఒక బుధవారం నాడు పెట్టి, ఆ ఓటమిని కూడా మాకు అందజేశారు.

నిష్పక్షపాతంగా చూస్తే ఎంపికలో ఏ వివాదానికీ తావులేని సంవత్సరం మా చరిత్రలో 2016 ఒక్కటే. ఆటగాళ్లకు నిషిద్ధ పదార్థం ఎక్కించారన్న సప్లిమెంట్ల వ్యవహారంలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ జనవరిలో 34 మంది పాత, కొత్త ఎసెండన్ ఆటగాళ్ల మీద నిషేధం విధించడంతో, అప్పటి మా జాబితాలోని 12 మంది ఏడాదిపాటు ఇంట్లో కూర్చున్నారు. వారి స్థానంలో ఆట మానేసినవారినీ, వేరే క్లబ్బులు వదిలేసినవారినీ పోగుచేసి ఆడించారు. అభిమానులెవరూ ఫలానావాణ్ని ఎందుకు తియ్యలేదని నోరెత్తలేదు, తియ్యడానికి ఫలానావాడంటూ లేడు కనుక. 3 మ్యాచ్‌లు గెలిచి, 1933 తరువాత మొదటిసారి అట్టడుగున నిలిచాం. ఆ ఏడాది గురువారాలు చాలా ప్రశాంతంగా గడిచాయనీ, చారు బాగా కుదిరేదనీ మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఎదుటివారి కష్టం చూసి లీగ్ వారు మాత్రం కరిగిపోయారు. 2026 నుంచి 7వ స్థానం మొదలు 10వ స్థానం దాకా ఉన్న జట్లకు వైల్డ్‌కార్డ్ రౌండు పేరుతో ఫైనల్స్ చేరడానికి అదనంగా తలుపు తీశారు. మావాళ్లు 2023లో చివరి రెండు మ్యాచ్‌లను 126, 70 పాయింట్ల తేడాలతో ఓడి 11వ స్థానంలో నిలిచారు. 2024లో సగం సీజన్ దాకా మొదటి నాలుగు జట్లలో మెరిసి, ఆపైన నెమ్మదిగా దిగి, సరిగ్గా అదే 11వ స్థానంలో కూర్చున్నారు. ఎక్కడ తలుపు తీసినా దానికి ఒక అడుగు ఇవతల ఆగిపోగల ఈ నిగ్రహం ఎన్ని డ్రాఫ్ట్‌లు పెట్టినా కొనుక్కోలేనిది.

ఇన్ని చెప్పాక నా వినతి చెప్పుకుంటాను. ఈ క్లబ్బులో ఫామ్‌తో నిమిత్తం లేకుండా ప్రతి వారం ఎంపికయ్యే వర్గం ఒక్కటే ఉన్నది, అది అభిమాని. ఆటగాడిని తీసేస్తారు, కోచ్‌ను మారుస్తారు. నన్ను మాత్రం ఎవరూ తప్పించరు. నా ఫామ్ ఎలా ఉన్నదో ఒక్కసారి పరిశీలించమని కోరుతున్నాను: మూడో క్వార్టర్‌లోనే లేచి కారు దగ్గరికి నడుస్తున్నాను, అరుపుల్లో గురి తప్పుతున్నాను, ఎదుటి జట్టు గోల్ కొట్టినప్పుడు పొరపాటున రెండుసార్లు చప్పట్లు కూడా కొట్టాను. మన క్రికెట్‌లోనైతే ఇలాంటివాణ్ని ఎప్పుడో రంజీకి పంపేవారు. అప్పటి కెప్టెన్ జాక్ మెరెట్ 2025 సీజన్ ముగిశాక హాథార్న్‌కు వెళ్తానని అడిగితే, కుదరదని క్లబ్బు ఆపింది. నేను వెళ్తానంటే ఆపడానికి ఎవరూ రారు, ఆ సంగతి తెలిసే కాబోలు నేను అడగలేదు. అడగకపోగా, అక్టోబరులో సభ్యత్వం డబ్బు కూడా కట్టాను. కనుక ఎంపిక సంఘం వారు దయతో నా పేరు పక్కన కనీసం మూడు వారాలకు మేనేజ్డ్ అని రాయవలసిందిగా ప్రార్థన. కారణం గడిలో మెడ నొప్పి అని వేసుకోవచ్చు, స్కోరుబోర్డు వైపు చూడకుండా తల పక్కకు తిప్పుకోవడం వల్ల వచ్చినది.

ఈ వినతిని తెల్లకాగితం మీద రాసుకొని భోజనాల బల్ల మీద పెట్టాను. మా అమ్మాయి టార్నీట్‌లో బడికి వెళ్తున్నది. పడమటి శివార్ల పిల్లలందరిలాగే అదీ బుల్‌డాగ్స్ పక్షం, అంటే 2000లో మా ఏకైక ఓటమికీ, 2021లో మా ఆఖరి ఫైనల్స్ ఓటమికీ బాధ్యులైనవారి పక్షం. అది కాగితం చదివి, పెన్ను అడిగి, నా పేరు పక్కన ఏదో రాసి, చారు పోసుకుని తన గదిలోకి వెళ్లిపోయింది. చూస్తే, మేనేజ్డ్ అన్న మాట కొట్టేసి ఒమిటెడ్ అని ఉన్నది. కింద చిన్న అక్షరాలతో ఇంకొక వాక్యం: "నాన్నా, శనివారం మా మ్యాచ్ మీతోనే, నువ్వు మా స్టాండులో కూర్చుంటావా?"

కండువా ఉతికి ఆరేశాను. శనివారానికి ఆరుతుంది.