బెట్టింగ్ తేవాలంటే ఆదివాసీ తెగలతో ఒప్పందం చేసుకునే తేవాలి

స్పోర్ట్స్ బెట్టింగ్‌ను అనుమతించాలో వద్దో రాష్ట్రాలే తేల్చుకోవచ్చని 2018లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి నుంచి అసలు తగువు లాభం ఎవరిదన్న దాని మీదే. ఆదివాసీ తెగలు కేసినోలు నడుపుతున్న రాష్ట్రాల్లో ఆ హక్కు ముందు తెగలదే. నా వాదన ఇదే.

ఫ్లోరిడానే చూడండి. 1979లో సెమినోల్ తెగ హాలీవుడ్ అనే ఊళ్లో, తన నేల మీద పెద్ద పందేల బింగో (అంకెల జూదం) మొదలుపెడితే, షెరీఫ్ అనే స్థానిక పోలీసు అధికారి మూయించాలని చూశాడు. తెగ కోర్టుకెళ్లి గెలిచింది. 2007కల్లా హోటళ్లు, కేసినోలు నడిపే హార్డ్ రాక్ సంస్థనే కొనేసింది. 2021లో స్పోర్ట్స్ బెట్టింగ్‌ను ఆ తెగే నడిపేలా రాష్ట్రం దానితో 30 ఏళ్ల ఒప్పందం రాసుకుంది. మొదటి ఐదేళ్లలో రాష్ట్రానికి కనీసం 250 కోట్ల డాలర్లు రావాలన్నది అందులోని మాట. రాష్ట్రంలో ఏ మూల నుంచి ఫోన్లో పందెం కాసినా, సర్వర్ తెగ నేల మీద ఉంది కాబట్టి పందెం అక్కడే జరిగినట్టు లెక్క. పోటీ వ్యాపారులు కేసు వేశారు. 2024లో సుప్రీంకోర్టు ఆ కేసును చేపట్టనే లేదు.

ఈ డబ్బు ఎటు పోవాలో 1988 నాటి ఫెడరల్ చట్టమే చెబుతుంది: తెగ ప్రభుత్వ నిర్వహణ, తెగ ప్రజల సంక్షేమం, ఆర్థికాభివృద్ధి, దానధర్మాలు, స్థానిక సంస్థల సాయం. బెట్టింగ్ కంపెనీ లాభానికి ఇలాంటి కట్టుబాటు ఏదీ లేదు.

2022లో కాలిఫోర్నియాలో డ్రాఫ్ట్‌కింగ్స్, ఫ్యాన్‌డ్యుయల్ లాంటి కంపెనీలు ఇళ్లు లేనివాళ్లకు సాయం అంటూ ఆన్‌లైన్ బెట్టింగ్‌ను ఓటుకు పెట్టాయి. 80 శాతానికి పైగా ఓటర్లు వద్దన్నారు. తమ కేసినోల్లో బెట్టింగ్ కోసం తెగలు పెట్టిన ప్రతిపాదన కూడా ఓడింది, కానీ అంత ఘోరంగా కాదు.

బెట్టింగ్ ఎవరు నడిపినా కొంపలు కూలతాయనే మాట నిజం. జీతమంతా ఫోన్లో పోగొట్టుకున్న కుర్రాడికి ఆ డబ్బు ఎవరికి చేరిందన్నది ఊరట కాదు. అయినా పది కంపెనీలు బోనస్‌లతో ఎగబడే చోట కన్నా, జవాబుదారీ ఉన్న ఒక్క ఆపరేటర్‌ను అదుపు చేయడం సులువు.

నాకు బెట్టింగ్ కన్నా పెద్ద విషయం ఇంకొకటుంది. ఆదివాసీని సాయం అందుకునేవాడిగా చూస్తున్నామా, ఒప్పందంలో సంతకం పెట్టేవాడిగానా? విశాఖ ఏజెన్సీలో బొర్రా ప్రాంతపు గనుల మీద నడిచిన సమత కేసులోనూ ఇదే ప్రశ్న. షెడ్యూల్డ్ ప్రాంతాల భూమిని ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని, ఆదివాసీల సహకార సంఘాలకు ఇవ్వొచ్చని 1997లో మన సుప్రీంకోర్టు చెప్పింది. కాలిఫోర్నియా తెగలు అడుగుతున్నదీ ఆ స్థానమే. ఏం జరుగుతుందో ఊహించి డబ్బు పెట్టే ప్రిడిక్షన్ మార్కెట్ల పేరుతో తమను దాటి పందేలు నడుపుతున్నారని వాటిలో మూడు తెగలు 2025లో కోర్టుకెక్కాయి. ఆ కేసులో రాష్ట్ర ప్రభుత్వం వాటి పక్కన నిలబడాలి.