సవరణ: అన్నమయ్య పాటలు, పెన్‌డ్రైవ్ కాపీలు

"అన్నమయ్య కీర్తనలకు కాపీరైట్ లేదు, ఎవరైనా డౌన్‌లోడ్ చేసి పంచుకోవచ్చు" అని మొన్నటి పోస్టులో ఉంది. దాన్ని ఇలా మార్చి చదవండి: కాపీరైట్ లేనిది సాహిత్యానికే.

అన్నమయ్య 1503లో కన్నుమూశారు. ఆ పదాలు అందరివీ. కానీ తిరుమల సంకీర్తన భాండాగారంలో దొరికిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంటుంది, స్వరాలు ఉండవు. మనం వింటున్న వరసలు చాలావరకు గత శతాబ్దంలో కట్టినవి. అలా వరసలు కట్టినవారిలో ఒకరైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లో పోయారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఆయన కట్టిన వరసలకు 2039 చివరిదాకా రక్షణ ఉంటుంది. రికార్డింగ్‌ది వేరే లెక్క: విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1980లో వచ్చిన క్యాసెట్‌కు 2040 ముగిసేదాకా హక్కుదారులు ఉంటారు.

గోవిందరాజస్వామి గుడి వీధుల్లో ఎవరైనా డబ్బు తీసుకుని పెన్‌డ్రైవ్‌లో పాటలు ఎక్కించి ఇస్తే అది చట్టం ఒప్పుకునే సొంత వాడకం కాదు. అనుమతి లేకుండా తెలిసీ చేస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. వాట్సాప్‌లో వందల మందికి ఫైలు పంపడమూ సొంత వాడకం కిందికి రాదు. లింకు పంపండి, పాడినవాళ్లకు దక్కాల్సింది దక్కుతుంది.

భజన బృందాలకు టెన్షన్ అక్కర్లేదు. నిజమైన మతపరమైన వేడుకలో పాడినా, రికార్డు వేసినా 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. పెళ్లి ఊరేగింపుకూ అంతే.