పట్టాలు ఉన్నాయి, ఖాళీ ఎక్కడుంది?
పట్టాలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి అనకాపల్లి–విశాఖ–విజయనగరం మధ్య సబర్బన్ రైళ్లు నడపడం చిటికెలో పని అని ఒక వ్యాసంలో చదివాను, ఆ మాట నాకు మింగుడు పడలేదు. పట్టాలు ఉన్నాయి, నిజమే. వాటి మీద ఖాళీ ఎక్కడుంది? అనకాపల్లి నుంచి విశాఖకు ఆరేళ్లు రోజూ పాసింజరులో వచ్చినవాణ్ని. దారిలో మా బండిని లూప్ లైనులో, అంటే స్టేషను దగ్గరి పక్క పట్టా మీద నిలబెట్టి, ముందు ఒక ఎక్స్‌ప్రెస్సును, దాని వెనకాలే బొగ్గు వ్యాగన్ల గూడ్సును పంపేవారు. పక్క సీటు పెద్దాయన మధ్యాహ్నానికని తెచ్చుకున్న పులిహోర డబ్బా అక్కడే ఖాళీ అయ్యేది (నాకూ రెండు ముద్దలు పెట్టేవారు, అబద్ధం ఎందుకు). ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు, గూడ్సు బండ్లు తప్పవు. ఆ వ్యాసంలో ఉదాహరణగా చూపిన చెన్నైలో బీచ్–తాంబరం మధ్య కరెంటు రైళ్లు 1931లోనే మొదలయ్యాయి. ఆ శివార్లు ఆ లైను వెంబడే పెరిగాయి. మనం పోల్చుకోవాల్సింది 2003లో వచ్చిన హైదరాబాదు లోకల్ రైళ్లు ఎంఎంటీఎస్‌తో. అది దూరప్రాంత రైళ్లు తిరిగే పట్టాల మీదే మొదలైంది, వేళ తప్పుతుందన్న ఫిర్యాదు దాన్ని వదల్లేదు. మెము బండ్లు (విడిగా ఇంజను లేని కరెంటు లోకల్ రైళ్లు) మేలన్న ఒక్క విషయంలో వ్యాసకర్తతో ఏకీభవిస్తాను. విజయవాడ వైపు నుంచి వచ్చి హౌరా వైపు వెళ్లే బండికి విశాఖ స్టేషనులో ఇంజను విప్పి రెండో చివర తగిలించాలి. మెము బండికి రెండు చివరలా డ్రైవరు క్యాబిన్ ఉంటుంది కనుక ఆ తతంగం లేదు. కొత్త బండ్ల సంగతి తర్వాత, ముందు దువ్వాడ–విశాఖ మధ్య ఉదయం ఎనిమిది నుంచి పది దాకా గూడ్సును ఆపగలరేమో రైల్వేవారిని చూడమనండి.