అందులో ఏముందని ఒక్క మాట అడిగితే ఏటి పోతాది?

సాయంత్రం నుంచి ఒళ్ళు మండిపోతా ఉంది, రాత్రి ఒంటిగంట అవుతున్నా నిద్ర పట్టట్లేదు, అందుకే ఇక్కడ రాసీస్తున్నాను.

మా ఇంట్లో నాన్న వాడిన పాత కంప్యూటరు ఉంది. 500 జీబీ హార్డ్ డిస్క్. నాలుగు రోజుల కిందట ఉన్నట్టుండి డిస్క్ కనపడ్డం మానీసింది, ఒకోసారి కనపడినా ‘ఇనీషియలైజ్ చెయ్యి’ (కొత్త డిస్క్‌లా మొదట్నుంచి సిద్ధం చెయ్యి) అని అడుగుతోంది. నేను ఓకే కొట్టలేదు, భయమేసింది. సీపీయూ మొత్తం బండి మీద పెట్టుకుని ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి బజార్లో ఒక షాపుకి తీసుకెళ్ళాను. "డేటా కావాలి తమ్ముడూ" అనేలోపే ఆ అబ్బాయి ఓకే కొట్టీసాడు. కొత్త పార్టిషన్ (డిస్క్‌ని భాగాలుగా విభజించడం) చెయ్యబోతే ఐ/ఓ ఎర్రర్, అంటే డిస్క్ మీద చదవడం, రాయడం కుదరట్లేదని. విండోస్ పెన్ డ్రైవ్ పెట్టి చూశాడు, అక్కడా అవ్వలేదు. అప్పుడు నల్ల స్క్రీన్ తెరిచి, విండోస్‌లో డిస్క్‌ని చెరిపే, విడగొట్టే టూలు డిస్క్‌పార్ట్‌లో ‘క్లీన్’ అని కొట్టాడు, ఒకసారి ఎర్రర్ వచ్చింది, రెండోసారి అయిపోయింది. నేను పక్కనే నిలబడి చూస్తన్నాను, నా గుండె జారిపోయింది. మళ్ళీ పార్టిషన్, మళ్ళీ అదే ఎర్రర్. "డిస్క్ డెడ్ భాయినా, ఎస్ఎస్‌డీ వేసుకోండి" అని చెప్పీసాడు. అందులో మా నాన్న రాసినవి ఉన్నాయి బాబూ అంటే "పాతవే కదా" అన్నాడు.

పాతవే కదా!

పార్టిషన్ అవ్వకపోడానికి సవాలక్ష కారణాలుంటాయి. పార్టిషన్ల లెక్క పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉన్న డిస్క్‌లో నాలుగు ప్రైమరీ పార్టిషన్లు ఉంటే ఐదోది అవ్వదు, 2 టీబీ దాటిన జాగాని ఎంబీఆర్ అందుకోలేదు, రీడ్ ఓన్లీ పడుంటాది, నిజంగానే సెక్టార్లు (డేటా రాసే చిన్న చిన్న గదులు) పోయుంటాయి. ఏదో తేల్చకుండా ముందే చెరిపీడం ఏటి? జొరం ఎంతుందో చూడకుండా కోసీసే డాక్టరు దగ్గరికి మనం వెళ్తామా?

ఇంటికొచ్చి డబ్బా విప్పాను. డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్, ఆ ఎర్రటిది, బోర్డు వైపు క్లిప్పు విరిగిపోయి ఉంది, ఎప్పుడో ఎవరో రబ్బరు బ్యాండు చుట్టారు, అదీ ఎండిపోయి ముట్టుకుంటే పొడై రాలింది. వేలితో కొంచెం కదిపితే చాలు, ప్లగ్గు అటూ ఇటూ ఊగుతోంది. లైనక్స్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి స్మార్ట్ రీడింగ్, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్క, తీశాను. చెడిపోయి మార్చిన సెక్టార్లు సున్నా. అనుమానంలో ఉన్న పెండింగ్ సెక్టార్లు సున్నా. 199 నెంబరు వరసలో ఉండే సీఆర్‌సీ ఎర్రర్లు మాత్రం రెండు వేలు దాటి ఉన్నాయి. డిస్క్‌కీ బోర్డుకీ మధ్య తోవలో డేటా చెడిపోతే పెరిగేది ఆ నెంబరే. అంటే అనుమానం ముందు పడాల్సింది కేబుల్ మీద. అటక మీదున్న ఇంకో పాత సీపీయూలోంచి కేబుల్ పీకి పెట్టాను. ఆ నెంబరు ఒకసారి పెరిగితే తగ్గదు, కానీ పెరగడం ఆగిపోయింది. వంద రూపాయలు చెయ్యని తీగ! ఆ షాపులో గోడకి గుత్తులుగా వేలాడతన్నాయి అవి. ఒకటి తీసి మార్చి చూడ్డానికి రెండు నిమిషాలు పట్టదు.

నాన్న తెలుగు మాస్టారు. ఒడిశాలో తెలుగు బడి అంటే ఏటో ఇక్కడ పుట్టినోళ్ళకి నేను చెప్పక్కర్లేదు. నాన్న బళ్ళో పుస్తకాలు టైముకి వచ్చేవి కావు, ఆయన రిటైరైతే ఆ పోస్టు అలాగే ఖాళీగా ఉండిపోయింది. ఆయన ఒక్కో పాఠం ‘అను’ అనే తెలుగు ఫాంట్‌లో టైపు చేసుకుని సొంత డబ్బులతో జెరాక్సు తీయించి పిల్లలకి పంచేవారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, పోయినేడు ఒక చోట ప్రింటు కోసం ఇస్తే "ఫైలు పాడైపోయింది, డిలీట్ చేసీమంటారా" అని అడిగారు. అక్కడా అదే మాట, చెరిపీమంటారా అని.

గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్ళోనే బళ్ళో పాఠాలు చెప్పారు, ఇక్కడే సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో రాయాలని కొట్లాడారు. 1936లో మమ్మల్ని ఒడిశాలో కలిపీసాక ఆయన ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆగస్టు 29 వస్తే పక్కనున్న పాతపట్నం నుంచి మొదలెట్టి ఆంధ్రా అంతా తెలుగు భాషా దినోత్సవం అని దండలేస్తారు, మంచిదే, కానీ ఆయన తిరిగిన ఈ వీధుల్లో మా పిల్లలు అక్షరాలు రాకుండా పెరుగుతున్నారని ఆ దండలేసేవాళ్ళలో ఒక్కరైనా అడిగారా? మాకు విభజన అంటే డిస్క్‌లో చేసేది ఒక్కటే కాదు కదా, అందుకే నాకు ఇంత మంట.

ఆ అబ్బాయి కొట్టింది ఉత్త ‘క్లీన్’. పక్కన ‘ఆల్’ అని కొట్టుంటే ప్రతి సెక్టార్‌లోనూ సున్నాలు రాసుకుంటూ పోయేది, ఇంక దేవుడొచ్చినా తేలేడు. ఉత్త క్లీన్ అయితే పోయేది పార్టిషన్ టేబులే (ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక), లోపల ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి. పోయిన పార్టిషన్లు వెతికే టెస్ట్‌డిస్క్ అనే సాఫ్ట్‌వేరు పెట్టి, డిస్క్ మీద ఏదీ రాయకుండా వెతికించాను. పాత పార్టిషన్ కనపడింది. లోపల ఫోల్డర్లు కనపడ్డాయి. ‘మన మాటలు’ అని ఒకటి. బజార్లో, పొలాల్లో జనం నోట విన్న మాటలన్నీ నాన్న రాసి పెట్టుకున్నారు, బుగత, కంబారి, గెడ్డ, అప్ప, ఎవరి దగ్గర విన్నారో ఊరు పేరుతో సహా. ఆ పేరు చూడగానే ఏడుపొచ్చీసింది, అమ్మని లేపి చూపించాను.

రిపేరు పని చేసే తమ్ముళ్ళూ, మీ పని మీద నాకు గౌరవముంది. డబ్బులు తీసుకోండి, డిస్క్ పోతే పోయిందని చెప్పండి, కానీ చెయ్యి కీబోర్డు మీద పెట్టే ముందు ‘అందులో ఏముంది, వేరే చోట కాపీ ఉందా’ అని అడగండి.

పార్టిషన్ టేబుల్ ఇంకా తిరిగి రాయలేదు. ముందు డిస్క్ మొత్తం ఇంకో ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి ఇమేజ్ (ఉన్నదున్నట్టు కాపీ) తీస్తన్నాను. ఇది రాసేసరికి 71 శాతం, ఎర్రర్లు సున్నా. అయ్యేదాకా పడుకోను.